ఆ సద్దుకు పేరేమి?

మన కాలేజీ సైకిల్ స్టాండులో ప్లస్ వన్‌లో ప్రభుత్వం ఇచ్చిన సైకిళ్ళే ఎక్కువ. మొదటి ఏడాది వాటిమీద వచ్చినవాళ్ళు చాలామంది రెండో ఏడాదికి టౌన్ బస్సుకు మారిపోతున్నారు. సైకిల్ ఏమైందే అని అడిగితే, "ఏదో సౌండ్ వస్తా ఉండె, భయమేసి ఆపేస్తిని" అంటారు. టైరు బాగుంది, చైను బాగుంది, ఏదో సౌండ్! ఆ సైకిల్ కొన్నాళ్ళు గోడవార మూలకు ఉంటుంది, తర్వాత తమ్ముడిదవుతుంది. వాడు అదే సౌండుతో ఊరంతా తిరుగుతాడు. నాకు ఈ "ఏదో" అన్న మాట మీదే కోపం. తెలుగు చదువుకుంటున్న మన నోట అది రాకూడదని నా వాదన.

షాపులో నిలబడి "అన్నా, ఏదో సౌండ్ వస్తుంది" అంటే అతనైనా ఏం చేస్తాడు? స్టాండు వేసి పెడల్ రెండు చుట్లు తిప్పుతాడు. మనిషి బరువు పడకపోతే చాలా సద్దులు రానే రావు. "ఏమీ లేదే పాపా" అంటాడు, లేకపోతే చైనూ ఫ్రీవీలూ రెండూ మార్చేయాలంటాడు. ఒకాయన నాతో, "ఇంట్లో మగోళ్ళుంటే పంపించు, వాళ్ళకైతే చెప్పొచ్చు" అన్నాడు. (ఆయన కొట్టు దాటేటప్పుడు ఇప్పటికీ బెల్లు గట్టిగా కొడతాను.)

మన భాషలో సద్దులకు ఎన్ని పేర్లున్నాయో చూడండి. ధ్వన్యనుకరణ పదాలని క్లాసులో చదివి, పరీక్షలో రాసి వదిలేస్తాం. సైకిల్ ఎక్కితే అవే పనికొస్తాయి. కీచుమంటే నూనె లేక ఎండిన చైనో, రిమ్ముకు రాసుకునే బ్రేకు రబ్బరో. గరగర అంటే బాల్స్ ఉండే చోట గ్రీజు పోయి మన్ను చేరింది. లొడలొడ అంటే మడ్‌గార్డో, క్యారియరో, ముందు బుట్టో బిగువు వదిలింది. కిర్రుమంటే బరువు పడే చోట ఏదో కదులుతోంది. ఇంకొక్క సంగతి. టక్కుమంది అంటే ఒక్కసారి. టకటక అంటే ఆగకుండా. టక్కు, కాస్త ఆగి మళ్ళీ టక్కు అని లెక్కగా వస్తే, తిరిగేదేదో ఒకే చోట తగులుతోందని అర్థం. ఇంత తేడా మన అమ్మమ్మలు పలికే మాటలోనే ఉంది. "సౌండ్" అనగానే అదంతా పోతుంది.

పేరు తెలిశాక తావు వెతకాలి. ఇక్కడ చెవిని పూర్తిగా నమ్మితే మోసపోతాం. ఫ్రేము గొట్టాలు సద్దును మోసుకుపోతాయి, సీటు కింద పుట్టింది పాదాల దగ్గర వినిపిస్తుంది. అందుకే బండ్లు లేని రోడ్డు మీద తొక్కుతూనే ఒక్కొక్కటిగా ఆపి చూడాలి. కాస్త వేగం అందుకుని తొక్కడం ఆపేయండి. సద్దు కూడా ఆగిందా, అయితే అది పెడల్, క్రాంకు, చైను ఈ వరసలో ఉంది. ఆగలేదా, చక్రాలో మడ్‌గార్డో చూడాలి. తర్వాత లెక్క పెట్టండి. కుడికాలు కిందికి పోయిన ప్రతిసారీ వస్తే పెడల్, క్రాంకు వైపు అనుమానం. ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనక ఫ్రీవీలుకు 18 ఉంటే ఒక తొక్కుకు వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. కాబట్టి తొక్కుకు రెండు మూడు సార్లు వస్తే అది చక్రం పని. రెండు మూడు తొక్కులకు ఒక్కసారే వస్తే చైనులో ఒక లింకు బిగుసుకుపోయి ఉండొచ్చు. చివరగా సీటు మీదనుంచి లేచి నిలబడి తొక్కండి.

ఈ చివరిది చాలామంది చేయరు. నా సైకిల్ కుడికాలు తొక్కినప్పుడల్లా కిర్రుమనేది. ఇద్దరు షాపువాళ్ళు కాటర్ పిన్ అన్నారు, ఒకాయన మార్చాడు కూడా. సద్దు పోలేదు. బాగలూరు రోడ్డులో ఒక ఆదివారం పొద్దున నిలబడి తొక్కితే మాయమైంది, కూర్చోగానే వచ్చింది. కుడికాలు నొక్కినప్పుడు నడుము కూడా అటు వాలుతుంది కదా, సీటు కింద నట్టు వదులై అక్కడ కిర్రుమంటోంది. పక్కింటి వాళ్ళ స్పానరుతో రెండు నిమిషాల పని.

ఫోర్కు దగ్గర, బ్రేకు దగ్గర సద్దు వస్తే మాత్రం ఈ పరీక్షలు వద్దు. దిగి నడిపించుకుని పోండి.

ఇదంతా తెలుగు డిపార్ట్‌మెంటుకు ఎందుకు అని ఒక సీనియర్ అక్క నవ్వింది. అక్కా, 1990ల మొదట్లో మన రాష్ట్రంలోనే పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాలు నేర్పిన అరివొళి ఇయక్కమే ఆడవాళ్ళకు సైకిలూ నేర్పింది. అప్పటి కలెక్టర్ షీలారాణి చుంకత్ దానికి వెనక నిలబడ్డారు. పలక, సైకిల్ వేరువేరు పనులని వాళ్ళనుకోలేదు. పొలం పనికీ రాతి క్వారీకీ పోయే ఆడవాళ్ళు సైకిల్ ఎక్కారు. మనం డిగ్రీ చదువుతూ దిగిపోతున్నాం.

ఈ పత్రిక కింద ఒక తెల్లకాగితం అంటించాను. మీ సైకిల్ చేసే సద్దును మీ ఇంట్లో, మీ ఊళ్ళో ఏమంటారో ఆ మాటే రాయండి. తొక్కేటప్పుడా, ఆపినప్పుడా, లేచి నిలబడితే పోతుందా అన్నది పక్కన రాయండి. శుక్రవారం చివరి పీరియడ్ తర్వాత స్టాండు దగ్గర నేనుంటాను, స్పానరు తెస్తాను. కాగితం పక్కన పెన్ను దారంతో కట్టి ఉంది, దయచేసి పట్టుకుపోవద్దు.