ఏరు దాటినా వీడని భయం

2024 మే 1. మహారాష్ట్ర దినోత్సవం. ఆ రోజు రాత్రి గడ్చిరోలి జిల్లా ఏటాపల్లి తాలూకాలోని బర్సేవాడ అనే చిన్న ఊళ్లో ఒక మహిళను, ఒక మగమనిషిని జనం పట్టుకుని చావబాదారు. తర్వాత వాగులోకి ఈడ్చుకెళ్లి నిప్పంటించారు. ఇద్దరూ యాభై దాటినవాళ్లే. వాళ్లు చేసిన నేరం ఏమిటయ్యా అంటే, జాదూటోణా చేస్తున్నారట! ఊళ్లో ఒక పసిపిల్ల చనిపోతే అది వీళ్ల పనేనట! పోలీసులు పదిహేను మందిని అరెస్టు చేశారు. వారిలో ఆ మహిళ కట్టుకున్న భర్త, కన్న కొడుకు కూడా ఉన్నారు.

సరిగ్గా తొమ్మిది రోజులకు, మే 10న, పుణె కోర్టు ఒక తీర్పు చెప్పింది. మూఢనమ్మకాల మీద జీవితాంతం పోరాడిన డాక్టర్ నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పొద్దున నడకకు వెళ్లినప్పుడు కాల్చి చంపిన ఇద్దరికి యావజ్జీవ శిక్ష వేసింది. మరో ముగ్గురిని సాక్ష్యం చాలదని వదిలేసింది.

ఒకటి అడవిలో జరిగిన దారుణం, ఇంకొకటి మహానగరంలో వెలువడిన తీర్పు. పేపర్లలో వేర్వేరు పేజీల్లో వచ్చాయి. చదివినవాళ్లు రెండింటినీ కలిపి చూసి ఉండరు. కానీ ఈ రెండూ ఒకే తాడుకు రెండు కొసలు. దేవుడి పేరు చెప్పి ప్రశ్నించేవాణ్ణి చంపేవాళ్లు ఒక కొసన ఉంటే, ఆ ప్రశ్న తమ ఊరి దాకా రానందువల్ల కాలిపోయేవాళ్లు ఇంకో కొసన ఉన్నారు.

ఎవరికి అడ్డొచ్చింది?

దాభోల్కర్ వృత్తిరీత్యా డాక్టరు. 1989లో మహారాష్ట్ర అంధశ్రద్ధా నిర్మూలన్ సమితి పెట్టారు. దేవుణ్ణి నమ్మొద్దని ఆయన ఉద్యమం నడపలేదు. దేవుడి పేరుతో మోసం చేయొద్దు, కొట్టొద్దు, చంపొద్దు, అందుకు ఒక చట్టం తేవాలి అన్నారు. ఆ చట్టం కోసం దాదాపు పద్దెనిమిదేళ్లు తిరిగారు. ముసాయిదా పేరు మారింది, కలాలు మారాయి, ప్రభుత్వాలు మారాయి. చట్టం మాత్రం రాలేదు.

ఎందుకు రాలేదు? మతం పేరుతో రాజకీయం చేసే సంస్థలు ఇది ధర్మం మీద దాడి అని ఊరూరా చెప్పాయి. ఈ కాయదా వస్తే పండరిపురం పాల్కీ ఆగిపోతుందని, సత్యనారాయణ వ్రతం చేసుకున్నా జైల్లో పెడతారని భక్తుల్ని భయపెట్టాయి. పాపం, వార్కరీల్లో కూడా కొందరు నమ్మారు. ఓట్లు పోతాయని నాయకులు వెనక్కి తగ్గారు.

ఆఖరికి ఏమైంది? దాభోల్కర్ రక్తం రోడ్డు మీద పడ్డ నాలుగు రోజులకే, 2013 ఆగస్టు 24న, ఆర్డినెన్సు వచ్చింది. ఆ డిసెంబరులో అది చట్టమైంది. మనిషి బతికుండగా పద్దెనిమిదేళ్లు కానిది, చనిపోయాక నాలుగు రోజుల్లో అయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

చట్టం వచ్చి పదేళ్లు దాటిపోయింది. పాల్కీ ఆగిందా? ఏటా ఆషాఢంలో లక్షల మంది పండరిపురం నడిచి వెళుతూనే ఉన్నారు. 2022 ఏప్రిల్ 13 నుంచి 24 దాకా ప్రాణహిత పుష్కరాలు జరిగితే సిరోంచ ఘాట్‌లో జనం మునిగి లేచారు, ఎవరూ ఆపలేదు. అడ్డు చెప్పనని చట్టమే రాసి పెట్టింది. యాత్రలు, ప్రదక్షిణలు, భజనలు, కీర్తనలు, హరికథలు, జాతరలు, ఇంట్లో పూజలు, గుళ్లో, దర్గాలో, చర్చిలో, గురుద్వారాలో ప్రార్థనలు, చివరికి జ్యోతిషం, వాస్తు సలహాలు కూడా ఈ చట్టం కిందికి రావని అందులో స్పష్టంగా ఉంది.

ఇది హిందువుల మీద తెచ్చిన చట్టం అన్నారు కదా. దీని కింద మొదటి కేసు ఎక్కడ పెట్టారు? తెలుగువాళ్లు చాలామంది ఉన్న నాందేడ్‌లోనే, 2013 సెప్టెంబరులో. ఎయిడ్స్, క్యాన్సర్, షుగరు మంత్రశక్తితో తగ్గిస్తామని ప్రకటనలు ఇచ్చిన ఇద్దరి మీద. ఆ ఇద్దరూ ముస్లింలు. మోసానికి మతం లేదు, చట్టమూ మతం చూడలేదు.

ఛాందసానికీ ఒకే మతం లేదు. 2007 ఆగస్టు 9న హైదరాబాద్ ప్రెస్ క్లబ్‌లో తన పుస్తకం తెలుగు అనువాదం ఆవిష్కరణకు వచ్చిన బంగ్లాదేశ్ రచయిత్రి తస్లీమా నస్రీన్ మీద పూలకుండీలు విసిరినవాళ్లలో ఎమ్మెల్యేలు కూడా ఉన్నారు. పుణెలో తుపాకీ పట్టినవాడు, హైదరాబాద్‌లో కుండీ విసిరినవాడు ఒకరినొకరు శత్రువులనుకుంటారు. ఇద్దరూ చెప్పేది మాత్రం ఒక్కటే: 'నోరెత్తొద్దు!'

నోరెత్తొద్దనే ఈ మాట ఊళ్లోకి వచ్చేసరికి ఇంకో రూపం ఎత్తుతుంది. మంత్రగాడు వేలు చూపిస్తాడు. ఎవరూ 'ఎందుకు?' అని అడగరు. అడిగినవాడి మీదికే ఆ వేలు తిరుగుతుందని అందరికీ తెలుసు. బర్సేవాడలో ఒక భర్త, ఒక కొడుకు కూడా ఆ గుంపులో కలిశారంటే, ఆ భయం ఎంత లోతుకు దిగిందో అర్థం చేసుకోవచ్చు.

ఏరుకు ఇటు.. అటు

సిరోంచకు ప్రాణహిత, గోదావరి ఆస్తి గీతలు కావు. ఇటువైపు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అంగట్లో రెండూ, అడవిలో గోండి, మాడియా. శివరాత్రికి కాళేశ్వరం పోతారు. మేడారం జాతరకు బండ్లు కట్టుకుని పోతారు. సిరోంచ దర్గా ఉర్సుకు అటువాళ్లు వస్తారు, అందులో హిందువులు ఎంతమందో లెక్క ఉండదు. పిల్లను ఇచ్చేది అటు, తెచ్చుకునేది ఇటు. దవాఖానా అవసరం పడితే జిల్లా కేంద్రం గడ్చిరోలి సుమారు 200 కిలోమీటర్లు కాబట్టి మంచిర్యాలకో, వరంగల్‌కో పరుగెత్తుతారు.

ఏరు దాటి మనుషులు పోతున్నారు, దేవుళ్లు పోతున్నారు. చేతబడి భయం కూడా పోతోంది. పోనిది చట్టం ఒక్కటే!

అవును, ఇది విచిత్రమే. సిరోంచలో ఒకామెను పట్టుకుని 'ఇది మంత్రగత్తె, దీనివల్లే పశువులు చస్తున్నాయి' అని నలుగురిలో ముద్రవేసి ఆమె బతుకు దుర్భరం చేస్తే, అదే ఒక నేరం. ఆరు నెలల నుంచి ఏడేళ్ల దాకా జైలు, 5,000 నుంచి 50,000 రూపాయల దాకా జరిమానా. పోలీసులు నేరుగా కేసు కట్టొచ్చు, బెయిలు అంత తేలిగ్గా దొరకదు. దయ్యం వదిలిస్తానని కట్టేసి కొట్టినా, మిరపకాయల పొగ పెట్టినా, పాము కరిచినవాణ్ణి దవాఖానాకు పోనీయకుండా మంత్రం వేస్తూ కూర్చున్నా, గుప్తనిధుల పేరుతో క్షుద్రపూజలు చేసినా నేరమే.

వంతెన దాటి కాళేశ్వరం వైపు దిగితే ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు. కొట్టినందుకు, చంపినందుకు మామూలు సెక్షన్లు ఉన్నాయి. కానీ కొట్టక ముందు, చంపక ముందు, ఊరంతా ఒకరి మీద వేలు చూపించే ఆ మొదటి రోజున గట్టిగా పట్టుకునే సెక్షన్ లేదు.

దాని ఫలితం ఎలా ఉంటుందో కళ్లముందే ఉంది. 2022 జనవరిలో జగిత్యాల టీఆర్ నగర్‌లో కుల సంఘం సమావేశంలోనే ఒక తండ్రిని, ఇద్దరు కొడుకుల్ని నరికి చంపారు. చేతబడి చేస్తున్నారన్న అనుమానమే కారణం. అంతకుముందు 2019 సెప్టెంబరులో హైదరాబాద్ శివార్లలో శామీర్‌పేట దగ్గర అద్రాస్‌పల్లిలో ఒక యువకుణ్ణి చంపి, కాలుతున్న చితిమీద పడేశారు. అనుమానం అదే. ఒకటి గోదావరి దగ్గరి జిల్లా పట్టణం, ఇంకొకటి రాజధాని పక్క ఊరు. కాబట్టి ఇదంతా అడవిలో చదువురాని గిరిజనుల జబ్బు అని పెదవి విరిచేవాళ్లు తమ పెరడు ఒకసారి చూసుకోవాలి.

కర్ణాటక ఇలాంటి చట్టం చేసుకుంది, 2020 నుంచి అమలులో ఉంది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మంత్రగత్తె ముద్ర మీద అంతకుముందే చట్టాలు తెచ్చాయి. చుట్టూ ఉన్న రాష్ట్రాల్లో ఇన్ని ఉండగా తెలంగాణ ఎందుకు వెనకబడాలి?

మందు అందితే మంత్రం ఎందుకు?

మరి చట్టం ఉన్న గడ్చిరోలిలోనే బర్సేవాడ ఎందుకు జరిగింది? ఈ ప్రశ్న తప్పించుకోకూడదు. చట్టం పుణెలో పుట్టింది, నాగపూర్‌లో పాసైంది. ఏటాపల్లి లోపలి ఊళ్లకు అది ఇంకా నడిచి రావాల్సే ఉంది. అంతకంటే ముఖ్యంగా, అక్కడ పసిపిల్ల చనిపోతే ఎందుకు చనిపోయిందో చెప్పే మనిషి లేడు. న్యుమోనియా అని డాక్టరు చెప్పని చోట, కరణీ అని మంత్రగాడు చెబుతాడు. కారణం తెలియని చావు ఉన్నంత కాలం నిందకు ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఎప్పుడూ ముసలిదో, ఒంటరిదో, భూమి తగాదా ఉన్నవాడో అవుతాడు.

దీనికి మందు కూడా గడ్చిరోలి జిల్లాలోనే దొరికింది. డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ 1980ల్లో ఇక్కడికి వచ్చి 'సర్చ్' సంస్థ పెట్టారు. ఊళ్లోని ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, బాలింత ఇంటికి వెళ్లి పసికందును చూసుకునే పద్ధతి తెచ్చారు. పెద్ద చదువులు లేని ఆ ఊరి ఆడవాళ్లే ఇంజెక్షన్ చేయడం దాకా నేర్చుకున్నారు. ఆ 39 ఊళ్లలో మొదట పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 62 మంది నెల తిరక్కుండానే చనిపోయేవారు. 1998 నాటికి ఆ సంఖ్య సుమారు 25కు దిగింది. ఆ తర్వాత ఈ పద్ధతినే దేశమంతా ఆశా కార్యకర్తలకు నేర్పారు.

ఇంకో సంగతి. ఆ సంస్థ దవాఖానాకు గిరిజనులు కోరుకున్నట్టే వాళ్ల దేవత దంతేశ్వరి పేరు పెట్టారు. దేవత పేరు బయట ఉంది, సూది లోపల ఉంది. రెంటికీ తగవు రాలేదు. భామ్రాగడ్ తాలూకా హేమల్‌కసలో బాబా ఆమ్టే 1973లో మొదలుపెట్టిన లోక్ బిరాదరీ దవాఖానాకు కూడా దూరదూరాల నుంచి మాడియాలు నడిచి వచ్చారు. నమ్మకం అడ్డమైతే వచ్చేవాళ్లు కారు. జనం విశ్వాసానికీ, వైద్యానికీ మధ్య గోడ లేదు. ఆ గోడ కట్టేది మధ్యలో కూర్చుని బతికేవాళ్లే.

భక్తి వేరు, ఛాందసం వేరు. మరాఠీవాళ్లకు ఈ మాట కొత్త కాదు. చేత చీపురు పట్టి ఊళ్లు ఊడ్చిన గాడ్గే బాబా, విదర్భ ఊరూరా భజన చేసిన తుకడోజీ మహారాజ్ ఇద్దరూ భక్తులే, ఇద్దరూ మూఢత్వాన్ని ఉతికి ఆరేసినవాళ్లే. తెలుగువాళ్లకు వేమన ఉండనే ఉన్నాడు. దాభోల్కర్ అడిగింది వీళ్లు అడగనిదేమీ కాదు.

చేయాల్సింది

ఇప్పుడు కావాల్సినవి పెద్ద పనులేమీ కావు. సిరోంచ, అహేరి, ఏటాపల్లి తాలూకాల్లో ఈ చట్టాన్ని మరాఠీలోనే కాక తెలుగులో, గోండిలో, మాడియాలో గ్రామపంచాయతీ గోడల మీద రాయించాలి. చట్టం ప్రకారం ఉండాల్సిన విజిలెన్స్ అధికారి ఎవరో, ఫోను నంబరు ఏమిటో పోలీస్ పాటిల్ నుంచి బడి పంతులు దాకా తెలియాలి. ఊళ్లో ఒకరి మీద చేతబడి మాట లేచిన రోజే ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ తాయి కబురు పెట్టగలగాలి, కబురు పెట్టినవాళ్లకు రక్షణ ఉండాలి. అనుమానాస్పదంగా పసిపిల్ల చనిపోయిన ప్రతి ఇంటికీ వైద్య సిబ్బంది వెళ్లి, కారణం ఇంటివాళ్ల భాషలో చెప్పాలి. తెలంగాణ అసెంబ్లీ ఇకనైనా పొరుగు రాష్ట్రాన్ని చూసి చట్టం చేయాలి. అది వచ్చిన రోజు కాళేశ్వరం గుడిలో దీపం ఆరిపోదు, దర్గాలో చాదర్ ఆగిపోదు.

ఇవేవీ చేయకపోతే మళ్లీ ఒక రాత్రి, ఏ వాగు దగ్గరో, ఇంకెవరి ఇంటి ఆడమనిషి పేరో పైకి వస్తుంది. అప్పుడు పోలీసులు వస్తారు, అరెస్టులు అవుతాయి, పేపర్లో వార్తా వస్తుంది. ఆమె మాత్రం ఉండదు. పేరు పైకి వచ్చిన రోజునే 'ఎవరు చెప్పారు? ఎలా తెలుసు?' అని అడిగే ఒక్క మనిషి ఊళ్లో ఉంటే చాలు, ఆ రాత్రి రాదు. ఆ ఒక్క మనిషికి ధైర్యం ఇవ్వడానికే చట్టం. అది ఏరుకు రెండు వైపులా ఉండాలి.