వేదిక మీద తీగ తెగితే

1986 జులై 26. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, టాంగిల్‌వుడ్ సంగీతోత్సవం. పద్నాలుగేళ్ల జపాన్ అమ్మాయి మిడోరి వయొలిన్ వాయిస్తోంది. వాయిస్తున్నది లెనార్డ్ బెర్న్‌స్టీన్ రచన, వాద్యబృందాన్ని నడిపిస్తున్నదీ ఆయనే. చివరి భాగంలో సన్నతీగ పుటుక్కున తెగింది. బృందంలోని ప్రధాన వయొలిన్ విద్వాంసుడు తన వాద్యం అందించాడు. కాసేపటికి దాని తీగ కూడా తెగింది. ఇంకొకరు తనది ఇచ్చారు. మూడో వయొలిన్ మీద ఆ పిల్ల కచేరీ పూర్తి చేసింది. ఆ వార్త న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీకెక్కింది.

ఆమె నిబ్బరాన్ని లోకమంతా మెచ్చుకుంది. అయితే ఆపద వేళ వాద్యం చేతికందించే మనుషులు పక్కనే ఉన్నారన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మన ఊళ్లలో సంగీతం నేర్చుకునే పిల్లలకు, ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు సాధన చేసే పెద్దలకు కరవైంది ఆ తోడే.

త్యాగరాజ ఆరాధన సభల్లో, దసరా పందిళ్లలో, పోటీల్లో జరిగే పొరపాట్లు చూడండి. వాటిలో చాలావరకు పాడేవాళ్ల చేతిలో ఉండవు. ముందు పాడిన అబ్బాయి శ్రుతి బాక్సును ఒకటిన్నరలో పెట్టి లేచిపోతాడు. తర్వాత వచ్చే అమ్మాయిది ఐదు శ్రుతి. 'త్వరగా, త్వరగా' అని నిర్వాహకులు తొందర పెడుతుంటే ఆమె ఆ ఒకటిన్నరకే గొంతు కలుపుతుంది. మంద్రంలో స్వరం పలకదు, పల్లవిలోనే బిడ్డ బిక్కచచ్చిపోతుంది. సెల్‌ఫోన్లో తంబూరా పెట్టుకుంటే మధ్యలో ఫోను మోగి శ్రుతి ఆగిపోతుంది. వీణ మెట్లు మైనం మీద నిలబెట్టినవి. వేడి లైట్ల కింద మైనం మెత్తబడితే మెట్టు కదిలి అపస్వరం పలుకుతుంది. గాలిలో తేమ పెరిగితే మృదంగం శ్రుతి దిగుతుంది. స్పీకరుకు ఎదురుగా మైకు పెడితే హాలంతా కీచుమంటుంది. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు ముందుగా సరిచూసుకునే వీలిస్తే వీటిలో సగం జరగవు. వక్తల సన్మానాలకు గంట దొరికినప్పుడు దీనికి ఐదు నిమిషాలు దొరకవా?

మరుపు సంగతి వేరు. అది ఎవరినీ వదలదు. 2016 డిసెంబరు 10న స్టాక్‌హోంలో, బాబ్ డిలన్‌కు నోబెల్ ఇచ్చిన వేడుకలో ఆయన పాటనే పాడుతూ పట్టి స్మిత్ మాటలు మరిచిపోయింది. దశాబ్దాలుగా వేదికలెక్కిన గాయని. కంగారుగా ఉందని చెప్పి క్షమాపణ కోరింది. సభికులు చప్పట్లు కొట్టారు, ఆమె మళ్లీ అందుకుని పాట పూర్తి చేసింది.

మన దగ్గర పంచరత్నాల్లో ఆరభి రాగ కృతి 'సాధించెనె' పాడేటప్పుడు ఇది తరచూ ఎదురవుతుంది. ప్రతి చరణం తర్వాతా ఒకే ఎత్తుగడకు తిరిగి రావాలి. అక్కడికి వచ్చాక తర్వాతి చరణం ఏదో తట్టదు. ఎప్పుడూ పల్లవి నుంచే మొదలుపెట్టి వల్లె వేసినవారికి నడిమధ్య అందుకోవడం రాదు. గురువులు తరగతిలోనే ఉన్నట్టుండి ఆపి, 'ఇప్పుడు అనుపల్లవి నుంచి', 'మూడో చరణం నుంచి' అని పాడించాలి. తాళం తప్పితే సమం ఎలా పట్టుకోవాలో పాఠంగా చెప్పాలి. పాట నేర్పడమెంత ముఖ్యమో, తప్పాక మళ్లీ అందుకోవడం నేర్పడమూ అంతే ముఖ్యం. మొదటి వరుసలో కూర్చుని కళ్లెర్రజేసే గురువు ఆ పని చెడగొడతారు.

ఆదుకోవడం మన కచేరీ పద్ధతికి కొత్తేమీ కాదు. గాయకుడు తడబడితే వయొలిన్ విద్వాంసుడు ఆ సంగతిని తానందుకుని వాయిస్తాడు, మృదంగం సమాన్ని గట్టిగా చూపిస్తుంది. పిల్లల కచేరీలకు అనుభవం గల పెద్దలు పక్కవాద్యం వాయించాలని సభలవారు పట్టుబట్టాలి. మరో వయొలిన్, మరో తంబూరా వేదిక పక్కనే సిద్ధంగా ఉంచాలి.

ఇక సభలో కూర్చునేవారికి ఒక విన్నపం. పాట తప్పిన పిల్లవాడి వీడియోను నవ్వు బొమ్మలతో వాట్సాప్ గుంపుల్లో తిప్పకండి. ఆ ముప్పై సెకన్ల ముక్క మర్నాడు బడికి వాడికంటే ముందే చేరుతుంది. అలాంటిది మీ ఫోనులో ఉంటే ఇప్పుడే తీసేయండి.