గుంట పూడితే యిల్లు మిగులుతుందా?

యీ నెల ముచ్చట మన పేట వీధిలో మొదలై, చీనా దేశం దాకా వెళ్ళి, మళ్ళీ మన గడపకే వస్తుంది. పాఠకులు కొంచెం ఓపిక పట్టాలని మనవి.

మా తాతగారు కట్టించిన యిల్లు పడగొట్టి కాంక్రీటు మిద్దె వెయ్యాలని మా అన్నగారు నిశ్చయించారు. పాత కలప కొనే వర్తకుడొకరు వచ్చి స్తంభాలు, దూలాలు కొలుచుకొని వెళ్ళారు. యింటికి పెద్దదిక్కయిన మా మేనత్త మూలన కూర్చుని అంతా చూస్తూ వున్నది. ఆయన గడప దాటిన తరువాత ఒక్క మాట అడిగింది: "మగ్గం గుంట కూడా పూడ్చేస్తారా నాయనా?" మా మగ్గం ఆగి చాలా యేళ్ళయింది. గుంట మీద పలకలు పరచి బియ్యం మూటలు పెట్టుకుంటున్నాము. అయినా ఆవిడకు జవాబు చెప్పటానికి యెవరికీ నోరు రాలేదు.

ఆ వారంలోనే లీజియాంగ్ అనే వూరిని గురించి చదవటం తటస్థించింది. చీనాకు నైరుతి మూల యున్నాన్ రాష్ట్రంలో, సముద్ర మట్టానికి సుమారు 2,400 మీటర్ల యెత్తున, మంచుకొండ దాపున వున్న వూరది. వయస్సు దాదాపు 800 యేళ్ళు. అక్కడి వారు నాషీ అనే జాతి. మొత్తం కలిపి మూడు లక్షల పైచిలుకు జనం. వారికి వేరే భాష, బొమ్మలతో వ్రాసే వేరే లిపి వున్నాయి. అంత పెద్ద దేశంలో అంత చిన్న భాష. మనబోటి వారికి యీ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ వూరికి కోట గోడ లేదు. వూరంతా నీటిని బట్టి కట్టుకున్నారు. పైన వున్న కొలను నుంచి వచ్చే యేరు మూడు పాయలై, ఆ పాయలు మళ్ళీ కాలువలై యిళ్ళ గుమ్మాల ముందు నుంచే పారుతాయి. వంతెనలే 350కి పైగా వున్నాయట. వరుసగా మూడు తొట్లున్న బావులుంటాయి. మొదటి తొట్టి నీళ్ళు త్రాగటానికి, రెండవది కూరలు కడగటానికి, మూడవది గుడ్డలు ఉతకటానికి. సంత ముగిశాక కాలువకు అడ్డుకట్ట వేసి, పొంగిన నీటితో అంగడి వీధి రాళ్ళన్నీ కడిగేవారు.

యిళ్ళు మన తొట్టి యిళ్ళకు దూరపు చుట్టాలే. నడుమ ఆకాశం కనబడే ముంగిలి, చుట్టూ గదులు, పైన పెంకులు. బరువంతా కొయ్య స్తంభాలూ దూలాలే మోస్తాయి. వాటిని మేకుల బలం మీద గాక ఒకదానిలో ఒకటి దూర్చి బిగిస్తారు. మట్టి గోడ చాటుకు మాత్రమే. 1996 ఫిబ్రవరి 3న అక్కడ పెద్ద భూకంపం వచ్చి 300 మందికి పైగా చనిపోయారు. పాత యిళ్ళలో గోడలు కూలినా కొయ్య చట్రాలు చాలావరకు నిలిచాయి. వూరిని మళ్ళీ పాత పద్ధతిలోనే బాగుచేసుకున్నారు. 1997లో యునెస్కో వారు దానిని ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చారు. మన తిరువళ్లూరు జిల్లా యేర్పడినదీ ఆ సంవత్సరమే.

తరువాతి కథ అంత సంతోషంగా లేదు. పేరు వచ్చింది, యాత్రికులు లక్షల మీద వచ్చారు. బాడుగలు పెరిగాయి. నాషీ కుటుంబాలు చాలామంది తమ యిళ్ళను బయటి వర్తకులకు అద్దెకిచ్చి కొత్త పట్టణంలో కాపురం పెట్టారు. పాత యిళ్ళు హోటళ్ళూ దుకాణాలూ అయ్యాయి. పెంకులూ స్తంభాలూ కాలువలూ వున్నాయి. వాటి మధ్య నాషీ మాట మాట్లాడే ముసలమ్మలు తగ్గిపోయారు.

యిది చదివాక మా అత్త ప్రశ్న నాకు అర్థమయింది. లీజియాంగ్ నీటిని బట్టి కట్టిన వూరయితే, మన నేత వీధులు పడుగును బట్టి కట్టినవి. వీధి తిన్నగా, పొడుగ్గా యెందుకున్నది? తెల్లవారుజామున పడుగు సాగదీసి గంజి పెట్టటానికి. వాకిట తిన్నె యెందుకు? కండెలు చుట్టేవారు కూర్చోవటానికి. మగ్గం గుంటలో యెందుకు? నేలలోని చెమ్మకు నూలు పోగు తెగకుండా వుంటుంది. గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్న మనిషి చేతుల మీద వెలుగు పడాలని కిటికీ అంత క్రిందికి పెట్టారు. మరమగ్గం వచ్చాక దానికి సిమెంటు నేల కావాలి, అదురును తట్టుకునే గోడ కావాలి. యిల్లు మారక తప్పలేదు. ఎవరినీ తప్పు పట్టటం లేదు. వానకు కారే యింటిలో పిల్లలను పెట్టుకుని వారసత్వమని కూర్చోలేము.

కాని 1960 ఏప్రిల్ 1న మన తాలూకా చిత్తూరు జిల్లాను వదలి మద్రాసు రాష్ట్రంలో చేరినప్పుడు యిళ్ళు కదలలేదు, యింటిలోని మాటలూ కదలలేదు. పడుగు, పేక, నాడె, ఆసు, దూలం, దంతె, అటక అనే మాటలను బడి నేర్పలేదు, యిల్లు నేర్పింది. మా అబ్బాయిని దంతె యేదిరా అని అడిగితే వాడు పళ్ళు చూపించాడు. నవ్వాము గాని, ఆ నవ్వు నాకు చాలాసేపు నిలవలేదు.

అన్నగారికి నేను చెప్పినది యింతే: వెనుక భాగం కొత్తగా కట్టుకుందాము, వీధివైపు మగ్గం గది మాత్రం బాగుచేసి వుంచుదాము. ఆయన యింకా ఔననలేదు, కాదనలేదు. ఖర్చు లెక్క వేసి చూపమన్నారు. వేస్తున్నాను. యీలోగా ఒక నోటు పుస్తకం కొని, అత్త చెబుతూ వుండగా యింటి పటం గీసి, ప్రతి భాగానికీ ఆవిడ చెప్పిన పేరే వ్రాస్తున్నాను. యిల్లు పడగొట్టక తప్పని పాఠకులు కూడా గునపం వేసే ముందు యీ పాటి పని చేయండి. ఒక ఆదివారమూ, ఒక పెద్దావిడా వుంటే చాలు.

మొన్న గుంట లోతు వ్రాసుకుందామని పలకలు తీసి టేపు పట్టాను. అత్త వారించింది. "టేపెందుకురా? మీ తాత తన మోకాలికి కొలిచి తవ్వించినాడు. దిగి నిలబడు, తెలుస్తుంది" అన్నది. దిగాను. అంచు నా మోకాలికి సరిగ్గా సరిపోయింది.