చదువు నేర్చిన యంత్రము



అక్షరములు కూడబలుకుట చదువునకు మొదటి మెట్టు మాత్రమే. చదివినదానిలో నమ్మదగిన దేదియో, విడువదగిన దేదియో తెలిసికొనుట దానికంటె కష్టము. కంప్యూటరునకును ఈ కష్టము తప్పలేదని తెలుపు వృత్తాంతము నొకదానిని ఈ మాసము మీకు విన్నవించెదను.

అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయము కలదు. అచ్చటి ఆచార్యుడు టామ్ మిచెల్‌గారును, వారి సహచరులును 2010 జనవరిలో 'నెల్' అను కంప్యూటరు ప్రోగ్రామును నడపనారంభించిరి. రేయింబవళ్లు ఇంటర్నెట్టులోని పుటలను చదివి, లోకజ్ఞానమును తనంతట తాను కూడబెట్టుకొనుట దాని పని.

అమరకోశమున పదములు వర్గములుగా కూర్పబడియున్నవి గదా! నెల్‌కును పట్టణములు, కంపెనీలు, క్రీడలు మొదలగు వర్గములను ముందుగా నిచ్చి, ఒక్కొక్క వర్గమునకు 10, 15 ఉదాహరణములను మాత్రమే చూపిరి. ఫలానా ఊరి మేయరు అను మాటలు తెలిసిన పట్టణముల పేళ్లతో తఱచుగా కనబడిన, అవే మాటలు మఱియొక పేరుతో వచ్చినప్పుడు అదియు పట్టణమే యని యూహించును. ఇట్లు 67 దినములలో 2,42,453 విషయములను గ్రహించెను. వానిలో నూటికి 74 మాత్రమే సరియైనవి.

తప్పు లెట్లు పుట్టినవో వినుడు. కుకీ యనగా బిస్కత్తువంటి తినుబండారము. ఇంటర్నెట్టు పుటలు మన కంప్యూటరులో దాచిపోవు చిన్న గుర్తులకును అదే పేరు. నెల్ ఈ గుర్తులను తినుబండారముల వర్గమున చేర్చెను. పిదప కుకీలను తుడిచివేసితి ననియు, ఫైళ్లను తుడిచివేసితి ననియు వాక్యములు కనబడగా, ఫైళ్లు సైతము తినుబండారములే యని నిశ్చయించెను! ఒక తప్పు నమ్మకము మఱియొకదానిని కనెను.

దీనికి ప్రతిక్రియ లేకపోలేదు. ఒకే విషయమును వేఱ్వేఱు మార్గములలో పరీక్షించుట, మనుష్యుడు పట్టణము కాజాలడు అనునట్టి నియమములతో సరిచూచుట ఆ ప్రోగ్రాములోనే కలవు. అవియు చాలకపోగా, 2010 జూను మొదలు పండితులు రెండు వారముల కొకమాఱు ఒక్కొక్క వర్గమును అయిదేసి నిమిషములు పరిశీలించి తప్పులు దిద్దసాగిరి. 2018 నాటికి నెల్ సంపాదించిన నమ్మకములు 12 కోట్లు. ప్రతిదానికిని ఎంతవఱకు నమ్మవచ్చునో తెలుపు అంకె జతపఱుపబడియుండెను.

మన యిండ్ల సంగతి తలపుడు. శిశువునకు జ్వరము సోకగానే ఫోనులో వచ్చిన చిట్కాను పదిమంది పంపిరి గావున నిజమే యనుకొందుము. ఆ పదిమందికిని అది యొక్కచోటినుండియే వచ్చియుండిన, పది సాక్ష్యములు కావు, ఒక్కటియే. అట్టిదానిని నమ్మి మందు వేయుటకంటె వైద్యుని అడుగుట మేలు. బిడ్డ లేదేని క్రొత్తసంగతి చెప్పినప్పుడు కసరక, "నాయనా, ఇది నీకెట్లు తెలిసినది?" అని యడుగుట అలవాటు చేసికొందము. తప్పు పిల్లలు పెట్టకముందే దిద్దుట సులభము.