విసిరే చెయ్యి ఎందుకు బిగుస్తుంది?

పిల్లలూ,

క్రికెట్టు ఆటలో సరిహద్దు గీత దగ్గర నిలబడ్డవాడు బంతిని అందుకొని, చెయ్యి తల మీదుగా తిప్పి, ఒక్క విసురున వికెట్ల దగ్గరకు పంపుతాడు. ఈటె విసిరేవాడు గూడా అంతే. 2021లో టోక్యో ఒలింపిక్సులో మన నీరజ్ చోప్రా ఈటెను 87.58 మీటర్ల దూరం విసిరి బంగారు పతకం గెలిచాడు గదా! ఇలా చేతిని భుజానికి పైగా ఎత్తి విసిరే ఆటలలో, అమెరికా వారి బేస్‌బాల్‌లో బంతి వేసే "పిచ్చర్" పని చాలా కఠినమైనది. బంతి వెనక బంతి పూర్తి బలంతో విసరటమే అతని పని. అందుచేత విసిరే భుజాన్ని గురించి వైద్యులు తెలుసుకొన్నదానిలో చాలా భాగం పిచ్చర్లను పరీక్షించి తెలుసుకొన్నదే.

అటువంటి వారి భుజం బిగుసుకొంటుంది. ఎందుకు? దానిని ఎలా సడలిస్తారు? ఎప్పుడు దాని జోలికి పోగూడదు? ఈ నెల ఈ మూడు ప్రశ్నలకూ జవాబు చూద్దాం.

మీరు బడిలో నిమ్మకాయ - చెంచా పందెం ఆడే ఉంటారు. మన భుజం కీలు అచ్చంగా చెంచాలో నిమ్మకాయ వంటిది. దండచేతి ఎముక పైకొన గుండ్రంగా ఉన్నది, అది నిమ్మకాయ. రెక్క ఎముకకు పక్కన లోతు లేని చిన్న పల్లెం వంటి భాగం ఉన్నది, అది చెంచా. చెంచా లోతుగా ఉంటే నిమ్మకాయ పడదు, కాని ఇటూ అటూ ఎక్కువగా కదలదు గూడా. భుజానికి లోతు లేదు గనుకనే మనం చేతిని అన్ని వైపులా తిప్పగలుగుతున్నాము. మరి నిమ్మకాయ జారిపోకుండా పట్టి ఉంచేది ఏమిటి? కీలు చుట్టూ ఒక గట్టి సంచి ఉన్నది. ఆ సంచిని అంటిపెట్టుకొని నాలుగు చిన్న కండరాలు ఉన్నవి. కావలి వాళ్ళు ఇవే.

ఇప్పుడు విసరటం సంగతి చూద్దాం. ఉండేలు రబ్బరును వెనక్కు లాగి వదిలితే రాయి ఎలా దూసుకుపోతుందో, విసిరేవాడి చెయ్యి గూడా అలాగే పని చేస్తుంది. చెయ్యి వెనక్కు వంగినప్పుడు భుజం చుట్టూ ఉన్న కండరాలూ, సంచీ సాగి బలాన్ని దాచుకొంటవి. వదలగానే ఆ బలమంతా బయటికి వస్తుంది. ఈ సంగతిని హార్వర్డ్ శాస్త్రజ్ఞులు బేస్‌బాల్ ఆటగాళ్ళను పరీక్షించి 2013లో "నేచర్" పత్రికలో ప్రకటించారు. మనకంటే ఎంతో బలం గల చింపాంజీ మనలాగా వేగంగా విసరలేదు. దాని భుజం కట్టు వేరు.

మంచి పిచ్చర్ విసిరేటప్పుడు అతని దండచెయ్యి తిరిగే వేగం సెకనుకు 7000 డిగ్రీలకు పైమాటే. అంటే ఆ వేగంతో తిరుగుతూనే ఉంటే సెకనులో 19 చుట్లకు పైగా తిరుగుతుందన్న మాట! బంతి చేతిని వదలి పోతుంది. చెయ్యి మాత్రం ఎక్కడికి పోతుంది? దానిని రెప్పపాటులో ఆపాలి. ఎడ్లబండి పల్లానికి దిగేటప్పుడు ఎడ్లు కాళ్ళు తన్నిపెట్టి బండిని నిలవేస్తవి చూడండి. భుజం వెనక ఉన్న కండరాలకు గూడా అదే పని. వందల సార్లు ఇలా నిలవేసి నిలవేసి ఆ కండరాలు బిగుసుకొంటవి. ఏళ్ళ తరబడి జరిగితే సంచి వెనక భాగం గూడా మందమై బిగుస్తుంది. సంచి ఒకవైపు బిగిస్తే నిమ్మకాయ చెంచా మధ్య నుంచి కొంచెం జరుగుతుంది. అప్పుడు ఒరిపిడి, ఆ తరువాత నొప్పి.

2008లో అమెరికాలో 67 మంది వృత్తి పిచ్చర్ల భుజాలను బంతులు వేయక ముందూ, వేసిన వెంటనే, మరునాడూ కొలిచారు. వేసిన వెంటనే చెయ్యి ముందుకు తిరగటం సగటున 9 డిగ్రీలకు పైగా తగ్గింది. మరునాటికి గూడా ఆ తగ్గుదల పూర్తిగా పోలేదు.

కొలవటం ఎలా అంటారా? మీ జామెట్రీ పెట్టెలో కోణమాని ఉన్నది గదా. ఫిజియోథెరపిస్టు దగ్గర పొడుగాటి చేతులున్న కోణమాని ఉంటుంది. ఆటగాడిని వెల్లకిలా పడుకోబెట్టి, మోచేతిని భుజానికి సూటిగా పక్కకు చాపి, ముంజేతిని పైకప్పు వైపు నిలబెడతారు. పిడికిలి తల వైపు ఎంత వాలుతుందో అది "వెనక తిప్పు". కాళ్ళ వైపు ఎంత వాలుతుందో అది "ముందు తిప్పు". భుజం పైకి లేవకుండా ఒక చేత్తో అదిమి పట్టుకొని రెండూ కొలుస్తారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెయ్యండి. ఒక ఆటగాడి ఎడమ చెయ్యి వెనక తిప్పు 95, ముందు తిప్పు 65 డిగ్రీలు. విసిరే కుడి చేతికి వెనక తిప్పు 115, ముందు తిప్పు 45. "అయ్యో, కుడి చెయ్యి 20 డిగ్రీలు బిగిసింది!" అనకండి. కూడి చూడండి: ఎడమకు 160, కుడికి 160. ముందు పోయినదంతా వెనక కలిసి వచ్చింది. ఇది బిగుతు కాదు, ఎముక తీరు. పుట్టినప్పుడు దండచేతి ఎముక పైకొన వెనక్కు తిరిగి ఉంటుంది. పెరిగే కొద్దీ ఆ మెలి కొంత విడుతుంది. చిన్ననాటి నుంచీ బాగా విసిరేవాడి చేతిలో ఆ మెలి అంతగా విడదు. ఎముకను ఏ మర్దనా మార్చలేదు. మార్చబోవటం తగదు గూడా.

ఇంకొక ఆటగాడికి ఎడమ మొత్తం 160. కుడి చెయ్యి వెనక తిప్పు 110, ముందు తిప్పు 35. మొత్తం 145. ఈ 15 డిగ్రీలూ ఎక్కడికీ కలిసి రాలేదు. ఇదే అసలైన బిగుతు. తేడా 5 డిగ్రీలు దాటితేనే వైద్యులు శ్రద్ధగా చూస్తారు.

దీనికి చికిత్స చేతులతోనే. ఫిజియోథెరపిస్టు మొదట భుజం వెనక కండరాలను వేళ్ళతో నొక్కి సడలిస్తాడు. దండచేతి ఎముక పైకొనను మెల్లగా వెనక్కు జరిపి, బిగిసిన సంచిని సాగదీస్తాడు. మరొక ఉపాయం చాలా తమాషాగా ఉంటుంది. "నా చేతిని కొంచెం నెట్టు" అంటాడు. ఆటగాడు తన బలంలో నాలుగోవంతుతో అయిదు సెకన్లు నెట్టి వదులుతాడు. నెట్టిన కండరం వదలగానే కొంత మెత్తబడుతుంది. అప్పుడు చేతిని ఇంకొంచెం దూరం తీసుకుపోతారు. ఇలా కొన్ని సార్లు. 2011లో అమెరికా కాలేజీ ఆటగాళ్ళపై ఈ పద్ధతిని పరీక్షించగా, ఒక్క విడతలోనే ముందు తిప్పు పెరిగింది.

చేతులతో సాధించిన సడలింపు నిలవాలంటే ఆటగాడు రోజూ తానే సాగదీసుకోవాలి. కుడి మోచేతిని భుజం ఎత్తుకు లేపి, ఎడమ చేత్తో మోచేతిని పట్టి, రొమ్ముకు అడ్డంగా ఎడమ వైపుకు మెల్లగా లాగాలి. అలా 30 సెకన్లు ఉంచి వదలాలి. రోజుకు అయిదు సార్లు. నాలుగు వారాలు ఇలా చేసినవారికి ముందు తిప్పు పెరిగినట్లు 2007లో తేల్చారు. రెక్క ఎముక కదలకుండా గోడకు ఆనుకొని చేస్తే మరీ మంచిది. లాగుడు భుజం వెనక తెలియాలి. ముందు వైపు కలుక్కుమంటే వెంటనే ఆపెయ్యాలి. గుంజటం, కుదపటం పనికిరాదు సుమా!

ఇంతవరకు చెప్పినది పెద్దవాళ్ళ భుజం సంగతి. ఇప్పుడు చెప్పబోయేది మీ సంగతి, జాగ్రత్తగా వినండి.

మీ దండచేతి ఎముక పైకొన దగ్గర ఎదుగుదల పొర అని ఒకటి ఉన్నది. ఎముక పొడుగు పెరిగేది అక్కడే. అది మృదులాస్థి, ఎముకంత గట్టిది కాదు. ముఖ్యంగా 11 నుంచి 16 ఏళ్ళ వయసులో మితిమీరి విసిరితే ఆ పొర దెబ్బ తిని వెడల్పవుతుంది. దీనికి "లిటిల్ లీగ్ షోల్డర్" అని పేరు. లిటిల్ లీగ్ అంటే 1939లో అమెరికాలోని విలియమ్స్‌పోర్టులో మొదలైన పిల్లల బేస్‌బాల్ సంఘం. దీని లక్షణం, విసిరేటప్పుడు దండచేతి పైభాగంలో నొప్పి. మందు మర్దనా కాదు, సాగదీయటం కాదు, విశ్రాంతి. సుమారు మూడు నెలలు విసరటం మానితే సాధారణంగా పూర్తిగా నయమవుతుంది. తెలియక నూనె రాయించి మెలితిప్పిస్తే మేలు లేదు, కీడు జరగవచ్చు.

ఆ సంఘం 2007 నుంచి విసిరే బంతులకు లెక్క పెట్టింది. 11, 12 ఏళ్ళ పిల్లవాడు రోజుకు 85 బంతులకు మించి వేయరాదు. 66 గాని అంతకు మించి గాని వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి.

తల్లిదండ్రులకు ఒక మాట. నొప్పి అని చెబితే జట్టులోంచి తీసేస్తారని పిల్లలు దాచుకొంటారు. పొద్దున బడి జట్టు, సాయంత్రం శిక్షణ, ఆదివారం వీధి జట్టు అయితే ఎన్ని విసిరాడో ఎవరికీ లెక్క తెలియదు. ఆ లెక్క ఇంట్లో ఉండాలి. "ఇవ్వాళ గెలిచావా?" అని అడిగేటప్పుడు "చెయ్యి ఎలా ఉన్నది?" అని గూడా అడగండి. నొప్పి ఉన్నదంటే కోప్పడక ఎముకల వైద్యునికి చూపించండి.

పిల్లలూ, చివరకు మీకొక లెక్క. పన్నెండేళ్ళ గోపీకి ఎడమ చెయ్యి వెనక తిప్పు 90, ముందు తిప్పు 70. కుడి చేతికి 105, 55. బంతి విసిరితే కుడి దండచెయ్యి పైన నొప్పి పుడుతున్నది. వాడి భుజం బిగిసిందా? రేపటి ఆటకు వాడు ఏమి చెయ్యాలి? కూడిక చేస్తే మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. రెండవదానికి కూడికతో పనిలేదు. మీ జట్టులో ఒక గోపీ ఉంటే, ఈ సాయంత్రమే వాడికి ఆ జవాబు చెప్పండి.