నగరమునకు యజమాని యెవరు?

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలన్నారు. ఆ మాటలో గొప్ప అనుభవము కలదు. ఇల్లు కట్టదలచినవాడు గోడలెత్తుటకు ముందే నీరెక్కడిది, మురుగెటు పోవును, ఇంట నెందరుందురు, వారి సంపాదన యెంత యని యింటివారితో కూర్చుండి లెక్క చూచుకొనును. ఆ లెక్క చూడనివాడు గృహప్రవేశమునకు మునుపే యప్పుల పాలగును. ఒక్క యింటికి వలసిన యీపాటి వివేకము లక్షలకొలది యిండ్లుగల మహానగరమునకు అక్కరలేదా? అక్కరలేదనియే మన నగరముల వర్తనము చెప్పుచున్నది.

ఈ విషయము నా మనస్సున నాటుటకు హేతువొకటి చెప్పెదను. హైదరాబాదు శివారున క్రొత్తగా వెలసిన యొక కాలనీలో మా దగ్గర బంధువులు కాపురమున్నారు. భార్యాభర్తలిరువురును ఉద్యోగస్థులు, ఆస్తిపన్ను గడువు తప్పక చెల్లించువారు. ఒక వేసవిలో వారి బోరుబావి యెండిపోయెను. నీటి ట్యాంకరు కొరకు ఆ యిల్లాలు తెల్లవారుజాముననే లేచి వీధిలో వేచియుండవలసి వచ్చెను. పన్ను కట్టించుకొనిన కార్యాలయమునకు పోయి యడుగగా, “నీటి సంగతి మాది కాదు” అనిరి. నీటి కార్యాలయమువారు, “అంత దూరము గొట్టము వేయుట మాచేతిలో లేదు, పైవారు నిర్ణయింపవలెను” అనిరి. ఆ కాలనీకి అనుమతి యిచ్చినవారు మూడవ కార్యాలయమువారు. వారు, “మేము పటము చూచి యనుమతి యిచ్చితిమి, నీరు చూచి కాదు” అనిరి. ఆమె నాతో ననినది: “బాబాయిగారూ, ముగ్గురును మర్యాదగానే మాటలాడినారు. కాని మా ఊరికి యజమాని యెవరో మాత్రము నాకు తెలియలేదు.” ఈ వ్యాసమంతయు ఆమె ప్రశ్నకు ప్రత్యుత్తరమే.

యజమాని యెవరో మన రాజ్యాంగము స్పష్టముగా చెప్పియే యున్నది. 1992లో చేయబడి 1993 జూన్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము పురపాలక సంఘములకు నూతన జీవము పోయదలచినది. దానితోకూడ చేర్చబడిన పండ్రెండవ షెడ్యూలునందు పురపాలక సంఘముల కప్పగింపదగిన పదునెనిమిది విషయములు పేర్కొనబడినవి. అందు నగర ప్రణాళికయే కాక, ఆర్థిక సాంఘికాభివృద్ధి ప్రణాళికయు నున్నది. అనగా వీధిదీపములు వెలిగించుట, చెత్త యెత్తించుట మాత్రమే నగరసభ పని కాదు. ఊరివారికి జీవనాధారము లెట్లు కలుగవలెనో ఆలోచించుటయు దాని పనియే.

అయితే ఏ నగరమును తన సరిహద్దులలోనే బ్రదుకజాలదు. దాని నీరు పొరుగూరినుండి వచ్చును. దాని మురుగు మరియొక ఊరికి పోవును. దాని పనివారు పది పల్లెలనుండి వత్తురు. ఈ సంగతి యెరిగియే ఆ సవరణము చేసినవారు 243-జడ్.ఇ. అధికరణమున, పది లక్షలు అంతకు మించిన జనముగల ప్రతి మహానగర ప్రాంతమునకును ఒక మహానగర ప్రణాళికా సంఘముండి తీరవలెనని విధించిరి. ఆ సంఘ సభ్యులలో మూడింట రెండు వంతులకు తక్కువ కాకుండ, ఆ ప్రాంతపు పురపాలక సంఘములలోని యెన్నికైన సభ్యులును పంచాయతుల యధ్యక్షులును తమలోనుండి తామే యెన్నుకొనినవారై యుండవలెను. పట్టణములకును పల్లెలకును ఉమ్మడియైన విషయములను, నీటి పంపకమును, రహదారులు మొదలగు వసతులను, ప్రకృతి రక్షణమును, రాబోవు పెట్టుబడుల స్వభావమును పరిశీలించి వారు ప్రణాళికను సిద్ధపరుపవలెను. ఇంతకంటె మేలైన కుటుంబసభ మరియొకటి కలదా?

ఇక జరిగినదేమి? కలకత్తా ప్రాంతమునకై పశ్చిమ వంగ శాసనసభ 1994లో చట్టము చేసినను, సంఘము కూర్చుండుటకు 2001వ సంవత్సరము రావలసివచ్చెను. దేశమున ముందుగా మేల్కొనినవారి సంగతియే యిట్లున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశములోను ఇట్టి చట్టము చేయబడినది. కాని హైదరాబాదు భవిష్యత్తును నిర్ణయించు పీఠము ప్రణాళికా సంఘమునకు దక్కలేదు. 1975లో హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ యేర్పడెను. 2008లో దాని స్థానమున మహానగరాభివృద్ధి సంస్థ వచ్చెను. ఏడువేల చదరపు కిలోమీటర్లకు మించి, నాటి అయిదు జిల్లాల గ్రామములకు దాని పరిధి వ్యాపించెను. దానికి అధ్యక్షుడు ముఖ్యమంత్రి. కార్యభారమంతయు నియమింపబడిన అధికారిది. 2031వ సంవత్సరము వరకు ఈ విశాల ప్రాంతమెట్లు పెరుగవలెనో చెప్పు ప్రణాళిక 2013లో వెలువడినది ఆ సంస్థ చేతిమీదుగానే. రాజ్యాంగము పెత్తనమిచ్చిన సభ వాకిట నిలువబడియున్నది. ఆ సభకు గుమాస్తాగా నుండవలసిన సంస్థ పీటమీద కూర్చున్నది.

పీటమీద నెవరు కూర్చున్న నేమి, పని జరిగిన చాలదా యని కొందరందురు. ఎవరు కూర్చున్నారను దానినిబట్టియే యే పని జరుగునో తేలును. 1908లో మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసిన పిమ్మట, వరదను ఆపుటకును త్రాగునీటి నిచ్చుటకును గండిపేట జలాశయము నిర్మింపబడి 1920లో పూర్తియయ్యెను. ఆ జలాశయమునకు చేరువనున్న కోకాపేటలో 2023 ఆగస్టున మహానగరాభివృద్ధి సంస్థ భూములను వేలమువేయగా, ఒక తావున ఎకరము 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికెను. పత్రికలన్నియు దానిని నగర వైభవముగా చాటినవి. భూమి నమ్ముట పాపమని నేననను. కాని ఇంటి ఖర్చునకై పొలమమ్ముకొనువాడు అమ్మకపు ధర చూచి పొంగిపోవునా? అంత ధర పెట్టి కొనినవాడు అక్కడ ఆకాశహర్మ్యములు తప్ప వేరేమి కట్టగలడు? వాటికి నీరెవరు తేవలెను? వాటిలో పనిచేయు పాకీవారు, వంటవారు, కావలివారు ఎక్కడ కాపురముండి యేదారిని రావలెను? అమ్మువాడొకడు, నీరు తెచ్చువాడొకడు, దారి వేయువాడొకడు, పన్ను వసూలుచేయువాడొకడు అయినప్పుడు ఈ ప్రశ్నలు ఏ యొక్కనివియు కావు. “ఎవరికివారే యమునాతీరే” అను సామెత మన నగరములను చూచియే పుట్టినట్లున్నది.

ఉమ్మడి ఆలోచన లేకపోవుటవలన కలుగు కీడెట్టిదో పటాన్‌చెరువు ప్రాంతము నడిగిన చెప్పును. 1970 దశకమునుండి అక్కడ పారిశ్రామికవాడ పెరిగినది. వేలమందికి పని దొరకినమాట నిజమే. దానిని కాదనువాడు కృతఘ్నుడు. కాని ఆ కర్మాగారముల విషజలము నక్కవాగున బడి, క్రిందిగ్రామముల చెరువులును బావులును చెడిపోయెను. పంటలు దెబ్బతినెను. గ్రామస్థులు న్యాయస్థానముల మెట్లెక్కిరి. వివాదము సుప్రీముకోర్టు వరకు పోయెను. తరువాత శుద్ధిచేసిన ఆ జలమును గొట్టములద్వారా అంబర్‌పేటకు తెచ్చి, నగరపు మురుగుతో చేర్చి మూసీలోనికి విడుచు నేర్పాటు జరిగెను. మూసీ క్రిందను గ్రామములు లేవా? ఒక యింటి కసవును ప్రక్కయింటి వాకిట పోయుట శుభ్రతయగునా? కర్మాగారములకు చోటు చూపిన నాడే ఎగువవారును దిగువవారును ఒక్క సభలో కూర్చుండియుండినచో, “ఈ నీరెటు పోవును?” అని కనీసము ఒక్క సర్పంచియైన నడిగియుండెడివాడు. పటము గీసిన యధికారి కా ప్రశ్న తోచలేదు. ఏలయన, ఆయన త్రాగు నీరు ఆ బావిది కాదు.

ఇంకొక విచిత్రము వినుడు. అనేక పారిశ్రామికవాడలలో పన్ను వసూలు, కట్టడముల యనుమతి మొదలగు పురపాలక అధికారములు ఊరి సంఘమునకు లేవు. పారిశ్రామిక వసతులను కల్పించు ప్రభుత్వ సంస్థ క్రింద నుండు ప్రత్యేకాధికార వర్గమున కవి యప్పగింపబడినవి. వసూలైన దానిలో కొంత భాగము మాత్రమే ఊరి సంఘమునకు వచ్చును. పొగ పూర్తిగా ఊరివారిది, పన్ను కొంతమాత్రమే ఊరివారిది! ఇట్టి యేర్పాటు చేసి, పిమ్మట “స్థానిక సంఘములు చేతకానివి” అని నిందించుట, కాళ్లుకట్టి పరుగెత్తుమనుటయే.

ఇతర దేశములవారు ఈ చిక్కునెట్లు విప్పుకొనిరో ఒక్క దృష్టాంతము చూపెదను. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున మినియాపొలిస్, సెయింట్ పాల్ అను జంటనగరములు కలవు. మన హైదరాబాదు సికింద్రాబాదుల వంటివే. వాటి చుట్టునున్న శివారు గ్రామములలో ఇండ్లు వేగముగా పెరిగి, మురుగు బావులలోనికి దిగసాగెను. ఏ గ్రామమును ఒంటరిగా దీనిని చక్కబెట్టజాలదని గ్రహించి, 1967లో ఏడు కౌంటీలకు ఉమ్మడిగా మహానగర పరిషత్తు నేర్పరచుకొనిరి. అంతకంటె ముఖ్యమైనది 1971లో ఆ రాష్ట్ర శాసనసభ చేసిన చట్టము. దానినిబట్టి, ఆ యేడాది తరువాత ప్రతి ఊరియందును వ్యాపార పరిశ్రమల యాస్తి విలువలో కలిగిన పెరుగుదలలో నూటికి నలువది వంతులు ఉమ్మడి నిధిలో జమకట్టబడును. ఆ నిధి జనసంఖ్యను బట్టియు, ఆయా యూళ్ల కలిమిలేములను బట్టియు తిరిగి పంచబడును. ఒక ఊరికి పెద్ద అంగడి వచ్చిన పొరుగూరు ఏడ్వనక్కరలేదు; దానికిని పాలు కలదు. కర్మాగారమును మా ఊరికే లాగవలెనను పోటీయు కొంత తగ్గును. అదియు లోపరహితమని చెప్పను. ఆ పరిషత్తు సభ్యులను ప్రజలెన్నుకొనరు, గవర్నరు నియమించును. అందువలన వారు ప్రజలకు జవాబుదారులు కారని అక్కడివారే ఆక్షేపించుచున్నారు. మన రాజ్యాంగము ఆ లోపమును ముందే సవరించి, ఎన్నికైనవారికే యాధిక్యము నిచ్చినది. వారికి పంపకమున్నది, ఎన్నిక లేదు. మనకు ఎన్నిక కాగితముమీద నున్నది, పంపకము కాగితముమీదను లేదు.

ఇప్పుడు ప్రతిపక్షులకు సమాధానము చెప్పవలసియున్నది. “కౌన్సిలర్లకును సర్పంచులకును ఇంతటి విద్య యెక్కడిది? గుత్తేదార్లతో చేతులు కలిపి కొల్లగొట్టుదురు” అని చదువుకొన్నవారే తరచుగా అనుచుందురు. గుత్తేదార్లు అధికారుల గడప తొక్కరా? దొంగతనము సభలో జరిగిన పదిమంది కంటబడును. గదిలో జరిగిన నెవరి కంటను బడదు. ఇక విద్య మాటకు వత్తము. రోగి వైద్యశాస్త్రము చదువనక్కరలేదు, కాని నొప్పి యెక్కడనో చెప్పవలసినవాడు రోగియే. నిపుణులు ఉండవలసినదే, వారి పటములు, లెక్కలు కావలసినవే. వారు సభకు సలహాదారులుగా నుండవలెనే కాని, సభకు మారుగా నుండరాదు.

“సభలు కూర్చుండి వాదించుచుండగా పెట్టుబడిదారుడు వేరొక నగరమునకు పోవును” అనునది రెండవ యాక్షేపణ. నీరులేని చోట, గంటలకొలది దారిలో నిలిచిపోవు చోట పెట్టుబడిదారుడు మాత్రమెంతకాల ముండును? త్వరపడి పెట్టిన కర్మాగారము మీద ఏండ్ల తరబడి వ్యాజ్యము నడచుట కంటె, ఆరు మాసములు ముందుగా వాదించుకొనుట చౌక.

“రాష్ట్ర ప్రభుత్వమును ప్రజలెన్నుకొన్నదే గదా” అనునది మూడవది. నిజమే. కాని రాష్ట్రమంతటి భారము మోయు మంత్రివర్గము ఒక కాలనీ గొట్టము సంగతి యెట్లు చూడగలదు? పైగా స్థానికసభలు లేకున్నను నష్టములేదను అలవాటు ప్రభుత్వములకు పడినది. మహావిశాఖ నగరపాలక సంస్థకు 2012నుండి 2021 వరకు, అనగా తొమ్మిదేండ్లపాటు, ఎన్నికైన సభయే లేదు. ఆ నడుమనే 2014లో హుద్‌హుద్ తుపాను నగరమును నేలమట్టము చేసెను. అంతటి కష్టకాలమున నగరము మరల నెట్లు లేచి నిలువవలెనో చెప్పుటకు నగరవాసుల కొక సభ లేకపోయెను. ఇది యే పక్షము తప్పని నేను విడదీసి చెప్పబోను. పక్షములు మారినను అలవాటు మారలేదు.

కావున మనము కోరవలసినవి మూడు. మహానగర ప్రణాళికా సంఘములను రాజ్యాంగము చెప్పిన రీతిని ఎన్నిక ద్వారా నింపి, అభివృద్ధి సంస్థలను వాటికి లోబరచవలెను. పరిశ్రమలవలనను భూవిక్రయములవలనను వచ్చు రాబడిలో కొంత ఉమ్మడి నిధిగా చేర్చి, నీరు నిచ్చిన ఊరికిని మురుగు భరించిన ఊరికిని న్యాయముగా పంచవలెను. ఏ భూమి నమ్మినను, ఏ కర్మాగారమునకు చోటిచ్చినను, దానికి నీరెక్కడిది, మురుగెటు పోవును, పనివారెక్కడ నుందురు అను మూడు ప్రశ్నలకు ఉత్తరములు తెలుగులో వ్రాసి ముందుగా సభలో చదివి వినిపింపవలెను.

చదువరులారా, ఇది మంత్రులకును అధికారులకును మాత్రమే చెందిన చర్చ యని పత్రిక మూసివేయకుడు. ఇంటి జమాఖర్చు వ్రాయుచున్న గృహిణికి ట్యాంకరు నీటి కెంత పోవుచున్నదో, దారిలో భర్తకును బిడ్డలకును ఎన్నిగంటలు వృథాయగుచున్నవో యే నిపుణునికంటెను బాగుగా తెలియును. ఆ లెక్క యింటిలోనే యుండిపోవుచున్నది. ఓట్లకై మీ గడపకు వచ్చు కౌన్సిలరును కూర్చుండబెట్టి, “మన ప్రాంతపు ప్రణాళికాసభలో మీకు స్థానమున్నదా? లేనిచో దానికై మీరేమి చేసితిరి?” అని యడుగుడు. ఆయనకు ప్రశ్న అర్థము కాకున్న, పై మాటలు చదివి వినిపింపుడు.

నా బంధువుల యింటి యా యిల్లాలికి నేనిచ్చిన జవాబిదే: “అమ్మాయీ, ఊరికి యజమానివి నీవే. నీ పేరు దస్తావేజులో నున్నది. స్వాధీనము మాత్రము నీకింకను రాలేదు.”