ఓడలో మొదటి బంతా, రెండో బంతా? ఇంట్లో ఆడవాళ్లని అడిగారా?

ఇది పెద్ద పోస్టు, కాఫీ పెట్టుకుని కూర్చోండి. మన రాజపాళయంలో తెలుగు మాట్లాడేవాళ్లు ఎక్కువ, చదివేవాళ్లు తక్కువ అని నాకు తెలుసు. తమిళంలో కావాలన్నవాళ్లకి మా అమ్మాయి రేపు పెడుతుంది.

డిసెంబర్ అరపరీక్ష సెలవులకి దుబాయ్ నుంచి ఓడ ప్రయాణం అనుకున్నాం. పదకొండు కుటుంబాలు, 38 మంది, ఏడు రాత్రులు. మంచి ఆలోచనే, నేనూ డబ్బు కట్టాను. పోయిన వారం గ్రూపులో పోల్ పెట్టారు. రాత్రి భోజనం 6:15 సిట్టింగా, 8:45 సిట్టింగా? ఎనిమిది మంది రెండోదానికి వేశారు, ముగ్గురు మొదటిదానికి. వెంటనే కమిటీ తమ్ముడు ఒకాయన "మెజారిటీ వచ్చేసింది, ఆదివారం ఏజెంటుకి చెప్పేస్తాం" అని రాసి కింద చప్పట్ల బొమ్మ పెట్టాడు.

ఆ చప్పట్లు నాకు నచ్చలేదు. ఎందుకో చెప్తాను.

ముందు ఓడ ఎక్కనివాళ్ల కోసం రెండు మాటలు. ఓడలో పైన బఫే ఉంటుంది, పళ్లెం పట్టుకుని మనమే తిరిగి తెచ్చుకోవాలి. కింద పెద్ద డైనింగ్ హాలు ఉంటుంది. అక్కడ మనకో టేబుల్ నంబరు ఇస్తారు. వారమంతా అదే టేబుల్, అదే వడ్డించే మనిషి. రెండో రోజుకే ఎవరికి కారం కావాలో, ఎవరు మాంసం ముట్టరో ఆ అబ్బాయికి తెలిసిపోతుంది. ఓడలో ఉన్నవాళ్లందరూ ఆ హాలులో ఒకేసారి పట్టరు కాబట్టి రెండు విడతలు. ఇందులో మనకి కొత్తేముంది? కల్యాణ మండపంలో కింద హాలు నిండితే మెట్ల మీద నిలబడి రెండో బంతి కోసం చూసినవాళ్లమే కదా అందరం. బంతిని ఇక్కడ తమిళంలో పంది అంటారు. తాడేపల్లిగూడెం నుంచి మా పెళ్లికి వచ్చిన చుట్టం ఒకాయనకి మైకులో "రెండాం పంది రెడీ" అని వినపడి, లేచి బయటికి వెళ్లిపోబోయాడు. సరే, అది వేరే కథ.

ఈ పోల్‌లో ఓటు వేసిన ఎనిమిది మందిలో గడియారం లెక్క చూసినవాడు ఒక్కడైనా ఉన్నాడా? దుబాయ్ టైము మనకంటే గంటన్నర వెనక. అక్కడ 6:15 అంటే మన ఊళ్లో 7:45. అంటే మీ ఇంట్లో దోశ పెనం మీద పడే వేళ. అక్కడ 8:45 అంటే మన ఊళ్లో రాత్రి పదింబావు. ఆ హాలులో కూర్చోగానే పెట్టి లేపరు. ముందు సూపు, తర్వాత ఇంకేదో, ఆ తర్వాత అసలు తిండి, చివర తీపి, మధ్యమధ్యలో నిరీక్షణ. లేచేసరికి పదిన్నర. ఇంట్లో అయితే అర్ధరాత్రి పన్నెండు. ఎనభై ఏళ్ల మనిషిని పన్నెండింటిదాకా కుర్చీలో కూర్చోబెట్టి తినమంటారా? రెండు మూడు రోజుల్లో ఒళ్లు అలవాటు పడుతుంది అంటారు. పడేసరికి తిరుగు విమానం ఎక్కే రోజు వస్తుంది.

పొదిగై ఎక్కితే శ్రీవిల్లిపుత్తూరు రాకముందే పొట్లాలు విప్పే జనం మనం. ఓడ పేరు చెప్పగానే రాత్రి పదింటికి భోంచేసే దొరలమైపోయామా?

సింగపూర్ నుంచి అయితే నేను ఇంత గట్టిగా మాట్లాడను. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడి సాయంత్రం ఆరింబావు మనకి మధ్యాహ్నం పావు తక్కువ నాలుగు. ఆకలెవరికేస్తుంది? అక్కడ రెండో సిట్టింగే మన కడుపుకి సరిపోతుంది. కాబట్టి "ఈయన ముసలాడు, ఎప్పుడూ ముందే తినేద్దాం అంటాడు" అని గ్రూపులో రాసిన మేనల్లుడికి చెప్తున్నా. మ్యాపు తీసి చూడు నాయనా.

ఇప్పుడు నా సంగతి. దీన్ని గ్రూపులో చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు, కానీ చెప్పకపోతే ఈ పోస్టుకి అర్థం లేదు.

మూడేళ్ల కింద మా ఇంటివాళ్లం ఏడుగురం ఇదే దారిలో వెళ్లాం. ఫారం నింపింది నేను. భోజనం గడి దగ్గరికి వచ్చేసరికి "ఆరుంబావుకి ఎవడు తింటాడు" అనుకుని రెండోదానికి టిక్ పెట్టాను. ఎవరినీ అడగలేదు. మా ఆవిడ పక్కనే కూర్చుని పాస్‌పోర్టు నంబర్లు చదివి చెప్తోంది, ఆమెనీ అడగలేదు.

మా అమ్మకి చక్కెర. రాత్రి భోజనానికి అరగంట ముందు ఇన్సులిన్. ఇంట్లో ఏడున్నరకి వేసుకుని ఎనిమిదింటికి తింటుంది, పదిహేనేళ్ల అలవాటు. ఆమె చేతి గడియారం మన టైములోనే ఉంచుకుంది, తిప్పడానికి ఒప్పుకోలేదు. రెండో రోజు రాత్రి గడియారంలో ఏడున్నర కాగానే ఎవరితో చెప్పకుండా సూది వేసుకుంది. ఓడలో అప్పుడు ఆరు. భోజనం 8:45కి. ఏడింటికి నేను కేబిన్‌కి వెళ్లేసరికి ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, పేరు పెట్టి పిలిస్తే సరిగా పలకడం లేదు. మా కోడలికి తోచి వెంటనే పళ్లరసం తాగించింది, చక్కెర పొట్లాలు నాలుగు విప్పి నోట్లో వేసింది. పావుగంటకి తేరుకుంది. ఆ పావుగంట నేను తలుపు దగ్గర నిలబడి ఏం చేశానో నాకు గుర్తు లేదు.

తప్పు ఓడవాళ్లది కాదు, గడియారానిదీ కాదు. టిక్ పెట్టినవాడిది.

ఇంకొకటి నేను ఊరికి వచ్చాక గానీ గమనించలేదు. మనవడికి అప్పుడు నాలుగేళ్లు. ఓడలో ఏడున్నరకే నిద్ర తూగేవాడు, వాడి ఒంటికి అది తొమ్మిది కదా. నిద్రపోయిన పిల్లాణ్ణి ఒంటరిగా కేబిన్‌లో వదిలి రాలేం. ఎవరో ఒకరు ఉండాలి. ఆ ఎవరో ఒకరు ఎవరు? ఏడు రాత్రుల్లో నాలుగు రాత్రులు మా కోడలు కేబిన్‌లోనే ఉండిపోయింది. రొట్టె ముక్కలు, యాపిల్ పండు తిని పడుకుంది. మేమందరం కింద తెల్ల గుడ్డ పరిచిన టేబుల్ దగ్గర ఫోటోలు తీసుకున్నాం. ఆ ఫోటోలు మా ఇంటి హాలులో ఉన్నాయి, నాలుగింటిలో ఆ పిల్ల లేదు. ఒక్కసారి కూడా నోరు తెరిచి అడగలేదు, మేమూ అడగలేదు. నా కొడుకు "ఆమెకి ఆకలి లేదంట నాన్నా" అన్నాడు. నేను నమ్మాను. మన ఇళ్లల్లో మగవాళ్లు ఎంత హాయిగా నమ్మేస్తారో చూడండి ఈ మాటని.

ఇప్పుడు పోల్ దగ్గరికి వద్దాం. ఆ గ్రూపులో ఉన్నది పదకొండు నంబర్లు, పదకొండూ మగవాళ్లవి. "కుటుంబానికి ఒకరు" అని పెట్టుకున్నాం. 38 మంది తినే తిండికి పదకొండు ఓట్లు. అందులో పిల్లాడికి ముద్ద పెట్టేవాళ్లు, అత్తగారికి మాత్ర అందించేవాళ్లు ఒక్కరూ లేరు. దీన్ని మెజారిటీ అంటే ఎలాగ తమ్ముడూ? 8–3 కాదు అది, 38లో ఎనిమిది.

రెండో సిట్టింగ్ ఎందుకు కావాలో మనవాళ్లు రాసిన కారణాలు అన్నీ చదివాను. "సాయంత్రం ఊరు చూసి నిదానంగా రావచ్చు." ఇందులో కొంత నిజముంది, ఒప్పుకుంటాను. ఓడ రేవులో ఉన్న రోజు మొదటి బంతివాళ్లు కాస్త పరుగెత్తాలి. కానీ ఎడారి సఫారీకి వెళ్తే తిరిగొచ్చేసరికి తొమ్మిది దాటుతుంది, ఆ రోజు 8:45 కూడా అందదు, అందరికీ బఫేనే. "షో చూడటానికి కుదరదు" అన్నారు ఇంకొకరు. కుదురుతుంది. మొదటి విడతలో తిన్నవాళ్లకి రెండో ఆట, రెండో విడతవాళ్లకి మొదటి ఆట, ఓడవాళ్లు అలా లెక్క కట్టే షో రెండుసార్లు వేస్తారు. "అసలు హాలు వద్దు, రోజూ బఫేలో తినేద్దాం" అన్నవాళ్లకి: మీ అమ్మగారి చేతిలో పళ్లెం పెట్టి, ఊగే ఓడలో క్యూలో నిలబెట్టండి, తర్వాత మాట్లాడదాం.

ఎవరూ రాయని కారణం ఒకటుంది. ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా పై డెక్కు మీద గాలికి కూర్చుని పేక. అది నాకు తెలియదా? మూడేళ్ల కింద నేనూ ఆడాను. రాజుల ఇంట్లో పుట్టి పేక వద్దని నేనెందుకంటాను? తిన్నాక ఆడుకోండి. ఎనిమిదింటికి మొదలుపెడితే ఎవడొచ్చి లేపుతాడు?

ఇక మధ్యేమార్గం అని ఒక పెద్దమనిషి పెట్టిన ప్రతిపాదన. "పెద్దవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు మొదటి సిట్టింగ్. మగవాళ్లు రెండో సిట్టింగ్. అందరికీ సౌకర్యం." పన్నెండు మంది లైక్ కొట్టారు. (పదకొండు నంబర్లలో పన్నెండు లైకులు ఎలా వచ్చాయో అడ్మిన్ చెప్పాలి.)

నాకు అన్నిటికంటే కోపం వచ్చింది దీనికే. పైకి మర్యాదగా ఉంది, ఆడవాళ్లకే ముందు పెడుతున్నట్టు. లోపల చూడండి. అక్కడ ఒక్కో కోడలు ఒక పక్క అత్తగారికి చేప ముళ్లు తీసి పెడుతూ, ఇంకో పక్క పిల్లాడు పారేసిన చెంచా వంగి తీస్తూ, సూపు చల్లారిపోయాక తాగుతుంది. ఇక్కడ మొగుడు రెండో బంతిలో కాలు మీద కాలు వేసుకుని నిదానంగా తింటాడు. మనిళ్లల్లో తరతరాలుగా రెండు బంతులే. ముందు మగవాళ్లు, పిల్లలు. గిన్నెలో మిగిలింది తర్వాత ఆడవాళ్లకి. మా అమ్మ వేడి దోశ తినడం నా చిన్నప్పుడు నేను చూడలేదు, ఆఖరి దోశ ఆమెది, అదీ పొయ్యి ఆరిపోయాక. ఓడలో పొయ్యి మనది కాదు, వండేది మనం కాదు, వడ్డించేది మనం కాదు. అందరూ ఒకేసారి కూర్చోవడానికి అడ్డమేమీ లేని చోటికి లక్షలు పెట్టి వెళ్లి, అక్కడ కూడా రెండు బంతులు మనమే వేసుకుంటామా?

తమిళంలో ఒక సామెత ఉంది కదా, పందిక్కు ముందు, పడైక్కు పిందు. విందుకి ముందుండు, యుద్ధానికి వెనకుండు అని. మగవాళ్లం ఆ రెండూ బాగా పాటించాం.

పని సంగతి. ఇది ఓడ ఎక్కాక మార్చుకుందాం అనుకుంటే కుదరకపోవచ్చు. పిల్లలున్న కుటుంబాలు మొదటి సిట్టింగ్‌కే ఎగబడతాయి, నిండిపోతే వెయిటింగ్ లిస్టే. 38 మందీ పక్కపక్క టేబుళ్లలో కూర్చోవాలంటే అన్ని కేబిన్లకీ ఒకే సిట్టింగ్ ఉండాలి, బుకింగ్ నంబర్లు ఒకదానితో ఒకటి కలపమని ఏజెంటుకి ముందే చెప్పాలి. ఒక కుటుంబం 6:15, ఇంకో కుటుంబం 8:45 అయితే వారం రోజులూ లిఫ్టు దగ్గర పలకరించుకోవడమే. కొన్ని ఓడల్లో మొదటి సిట్టింగ్‌లో పిల్లలకి ముందుగా వడ్డించి, ముప్పావు గంటలో పిల్లల క్లబ్బువాళ్లే వచ్చి తీసుకెళ్లే ఏర్పాటు కూడా ఉంది. మన ఓడలో ఉందో లేదో ఏజెంటుని అడగమని కమిటీని కోరుతున్నాను. ఉంటే ఆ తర్వాతి ముప్పావు గంట మన కోడళ్లూ కూతుళ్లూ చేతులు ఖాళీగా పెట్టుకుని తింటారు.

సూది వేసుకునేవాళ్లు ఇంటికి ఎంతమంది ఉన్నారో కూడా లెక్క తీయండి. మా ఇంట్లో ఇప్పుడు ఇద్దరం. రెండోది నేనే. బయల్దేరే ముందు టైము తేడా సంగతి డాక్టరుని అడిగి రాసుకోండి, నాలాగా ఊహించుకోకండి.

పోల్ రద్దు చేసి మళ్లీ పెట్టండి. ఈసారి పద్దెనిమిదేళ్లు దాటిన అందరి నంబర్లూ చేర్చండి. అప్పుడు రెండో సిట్టింగే గెలిస్తే నోరు మూసుకుని 8:45కి వస్తాను, జేబులో బిస్కెట్ పొట్లంతో.

అప్పటిదాకా మా నాలుగు కేబిన్లకి మొదటి సిట్టింగ్ అని ఏజెంటుకి నిన్న సాయంత్రమే చెప్పేశాం. ఈసారి ఫారం మా కోడలు నింపింది. మాతో బుకింగ్ కలపాలనుకునేవాళ్లు శనివారం రాత్రిలోపు మా ఇంటికి ఫోన్ చేయండి. నాకు కాదు, ఆమెకి. లిస్టు ఆమె దగ్గరే ఉంది.